సోమవారం కొన్నవాళ్లు

"చంద్రక్కయి ముందు అమ్ముడువోవాలె. ఎన్కనే ఎవ్వలయైనా," అంది తారాబాయి గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"ఏ లెక్కన ముందు, వదినా?" అన్నాడు లచ్చయ్య.

లచ్చయ్యది పక్క ఖోలీ, పక్క గదే. ఇరవై ఏళ్ల నుంచి టాక్సీ నడుపుతున్నాడు, నాలుగు రోజుల నుంచి నడపడం లేదు. పొద్దున్నే ఫోన్ పట్టుకుని ఈ గుమ్మం ముందుకు రావడం, మూడున్నరకు షేర్ల బజారు మూసేదాకా ఇక్కడే తచ్చాడడం, ఇదే అతని పనైపోయింది.

"నావి గూడ పైసలే గద. నీ కొడుకు మాట మీదనే పెట్టిన గద," అన్నాడు మళ్లీ.

"కాదన్ననా?"

"మరి?"

"నల్లా కాడ కడుపుతోటి ఉన్నదాని బిందె ముందల పెడ్తమా లేదా? ఇంట్ల రోగమున్నోళ్ల బిందె ముందల పెడ్తమా లేదా? ఇది గూడ గంతే."

బొంబాయి కామాఠిపురలో ఈ చాళీ, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే ఈ పాత మేడ, కట్టినప్పటినుంచి నల్లా దగ్గర కొట్లాడని ఇల్లు లేదు. కానీ ఆపదలో ఉన్న ఇంటి బిందెను ముందుకు జరపడం మీద మాత్రం ఎవరూ నోరెత్తిన పాపాన పోలేదు. తాతలనాడు మహబూబ్‌నగర్ నుంచి వచ్చి ఈ ఊరి మేడలకు రాళ్లెత్తినవాళ్లు పెట్టుకున్న కట్టుబాటు అది. దాన్ని తారాబాయి షేర్ల బజారుకు కూడా తెచ్చిపెట్టింది.

ఇప్పుడు ఆపద అదే చాళీలో ఉండే చంద్రమ్మది. ఆమె లోపల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఈ మాటలన్నీ తన గురించి కానట్టు గోడవైపు చూస్తోంది. ఆమె తుంటి ఎముక అరిగిపోయింది. కర్ర లేకుండా అడుగు పడదు. ఈ శుక్రవారం ఆపరేషన్. గురువారం సాయంత్రానికి రెండు లక్షలు కట్టకపోతే ఆ తేదీ ఇంకొకరికి పోతుంది. మళ్లీ తేదీ ఎప్పుడో ఆస్పత్రివాళ్లు చెప్పడం లేదు. ఇవాళ మంగళవారం.

ఆ రెండు లక్షలూ వరదాంకుర్ పైప్స్ అనే చిన్న కంపెనీ షేర్లయి కూర్చున్నాయి. పదివేల షేర్లు. పెట్టించినవాడు తారాబాయి కొడుకు రితేశ్.

ఆ షేరుకు నాలుగు రోజులుగా తాళం పడి ఉంది. తాళమన్నది చాళీవాళ్ల మాట. ఒక్కరోజులో ఐదు శాతం పడిపోతే ఆ రోజుకు అంతకన్నా కిందికి దిగనివ్వరు. అమ్మేవాళ్లు ఒకరి వెనక ఒకరు వరుసకడతారు. కొనేవాడు ఉండడు. మర్నాడు మళ్లీ ఐదు శాతం, మళ్లీ తాళం. ఇరవై ఏడు రూపాయలున్నది ఇరవై రెండుకు వచ్చింది గానీ, ఆ ఇరవై రెండుకైనా తీసుకునే నాథుడు లేడు.

"సరే వదినా. చంద్రక్కయే కానియ్యి," అన్నాడు లచ్చయ్య చివరికి. "ఎన్కనన్న నాయి పెట్టుమను."

అని గుమ్మం పక్కనే వసారాలాంటి గ్యాలరీలో కూలబడ్డాడు. వెళ్లిపోతాడేమోనని తారాబాయి కాసేపు చూసింది. అతను వెళ్లలేదు.

*

సరిగ్గా తొమ్మిదికి రితేశ్ చంద్రమ్మ ఫోన్ తీసుకుని ఆమె షేర్లు అమ్మకానికి పెట్టాడు. తర్వాత చాళీ గ్రూపులో ఒక్క వాక్యం రాశాడు: "చంద్రమ్మవి పెట్టాను, ఇక మీరు పెట్టుకోండి." వరుసలో ముందున్నవాళ్లవే ముందు అమ్ముడుపోతాయి. అందుకే ఆ ఒక్క వాక్యం కోసం నలభై ఆరు ఇళ్లవాళ్లు ఫోన్లు పట్టుకుని ఎదురుచూశారు. ముందుగా ఎవరూ పెట్టుకోలేదు. ఇంత కోపంలోనూ కట్టుబాటు తప్పని మనుషుల్ని చూసి రితేశ్‌కు సిగ్గు వేసింది.

వాడికి ఇరవై తొమ్మిదేళ్లు. లోయర్ పరేల్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా. నాలుగు రోజులుగా సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. నాలుగు రోజులుగా గడ్డం గీసుకోలేదు, తల్లి కళ్లలోకి చూడలేదు.

తొమ్మిదిన్నరకు కూడా తాళమే. ధర ఇరవై రూపాయల తొంభై పైసలు. అమ్మేవాళ్లు లక్షా అరవై వేల షేర్లు. కొనేవాళ్ల గడిలో సున్న.

పొయ్యి మీద ఛాయ్ మరుగుతోంది.

రితేశ్ భార్య కోమల్ మొగుడి భుజం మీదుగా ఫోన్‌లోకి చూస్తోంది. ఆమె ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో రిపోర్టులు టైపు చేస్తుంది. రోజంతా అంకెలు చూసే కళ్లు ఆమెవి. పెళ్లయి రెండేళ్లయినా ఈ షేర్ల ఊసులో ఇంతవరకు వేలు పెట్టలేదు. చంద్రమ్మ పైసలు పెట్టించిన రోజున మాత్రం, "ఆపరేషన్ పైసలు ముట్టకు," అని ఒక్కసారి చెప్పింది. చెప్పానని ఈ నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. అది రితేశ్‌కు తిట్లకంటే ఎక్కువ బాధగా ఉంది.

"ఈ కింద నిలువు గీతలేంది?" అంది కోమల్.

"వాల్యూమ్. ఆ రోజు ఎన్ని షేర్లు చేతులు మారినయో అది."

"మరి ఇయ్యే ఎందుకు గింత పొడుగున్నయి? నాలుగు చిన్నయి, మధ్యల ఒకటి పొడుగు. మళ్ల చిన్నయి, మళ్ల పొడుగు."

"పెద్దచెయ్యి కొన్నప్పుడు పొడుగైతది. చెప్పిన గద క్లాసుల."

క్లాసులో రితేశ్ చెప్పిన చదువు కష్టమైనదేమీ కాదు. ప్రతి ఆదివారం పొద్దున మేడమీద చాప పరిచి చెప్పేవాడు. ధర పెరిగిన రోజు ఎన్ని షేర్లు చేతులు మారాయో ఆ సంఖ్య కలపాలి. ధర తగ్గిన రోజు సంఖ్య తీసేయాలి. రోజూ అలా కలుపుతూ తీసేస్తూ పోతే ఒక గీత తయారవుతుంది. ధర ఇంకా కదలకముందే ఆ గీత లేస్తోందంటే, ఎవరో డబ్బున్నవాళ్లు చప్పుడు కాకుండా కొంటున్నారన్నమాట. ఇంగ్లీషులో దానికి ఆన్ బ్యాలెన్స్ వాల్యూమ్ అని పెద్ద పేరుంది. మరాఠీలో గుంపును గర్దీ అంటారు కదా, చాళీవాళ్లు దాన్ని గర్దీ గీత అన్నారు.

వాళ్లకు బాగా ఎక్కడానికి రితేశ్ నాకా లెక్క చెప్పేవాడు. నాకా అంటే పొద్దున్నే కూలీలు పని కోసం నిలబడే చౌరస్తా. "నాకా మీద ఎవడో వెయ్యి ఇస్తానని అరుస్తడు. ఆ మాట నమ్మొద్దు. వాని బండి సుట్టు ఎంతమంది జమైండ్రో సూడుండ్రి. ధర మాట. వాల్యూమ్ మనుషులు." ఈ మాట వాడిది కాదు, వాళ్ల నాయిన బాలనర్సయ్యది. నలభై ఏళ్లు నాకాల మీద మనుషులను కూడగట్టి పనులకు పంపిన ముకద్దం ఆయన. క్లాసులో ముందు వరసలో కూర్చుని కొడుకు నోట తన మాట వింటూ తల ఊపేవాడు.

"ఇది ఏ తారీఖు?" అంది కోమల్, ఒక పొడుగు గీత మీద వేలు పెట్టి.

"పదమూడు."

"ఏ వారం?"

రితేశ్ చూశాడు. "సోమవారం."

"దాని ముందరిది?"

"ఆరు. సోమవారం."

"ఇది?"

వాడు వేలితో తెర జరుపుతూ పోయాడు. తొమ్మిది పొడుగు గీతలు. తొమ్మిదీ సోమవారాలే.

"వారం మొదట్ల పెద్దోళ్లు కొంటరు, కోమల్. అది మామూలే."

"నువ్వు క్లాసు ఏ రోజు చెప్తవు?"

ప్రశ్న చిన్నదే. కానీ తెర మీద రితేశ్ వేలు ఆగిపోయింది. క్లాసు ఆదివారం. విన్నవాళ్లు మర్నాడు పొద్దున బజారు తెరవగానే కొంటారు. ధారావిలో ఉన్న చుట్టాలకు వీళ్లు చెబుతారు, వాళ్లూ కొంటారు. మన జనానికి ఒకరు చేసిన పని ఇంకొకరు చేయకుండా ఉండలేని అలవాటు ఉంది కదా, పని ఏదైనా సరే.

"గ్రూపు తియ్యి," అంది కోమల్.

కొన్నవాళ్లు కొన్నట్టు గ్రూపులో ఫోటో పెట్టడం ఆనవాయితీ అయింది. కింద ఒక పసుపు పువ్వు బొమ్మ కూడా. కోమల్ పదమూడో తారీఖు ఫోటోలన్నీ తీసి ఒక్కొక్కటే చదివింది. రితేశ్ ఫోన్‌లో కలుపుతూ పోయాడు. లచ్చయ్య ఎనిమిది వందలు. చంద్రమ్మ రెండు వేలు. కింది అంతస్తు భవాని ఆరు వందలు. ధారావివాళ్లవి అన్నీ కలిపి ఐదు వేల పైన. చదువుతూ పోయేకొద్దీ ఆమె గొంతు తగ్గుతూ వచ్చింది.

"ఎంత?" అంది.

"పద్దెనిమిది వేల తొమ్మిది వందలు."

"ఆ రోజు మొత్తం ఎంత?"

"ఇరవై ఒక్క వేల నాలుగు వందలు."

గ్యాలరీలో కూర్చున్న లచ్చయ్య లేచి గుమ్మంలోకి వచ్చాడు. "అంటే?"

రితేశ్ ఫోన్ ఒళ్లో పెట్టుకున్నాడు.

"అంటేంది రితేశ్? జర తెలుగుల చెప్పు."

"అంటే పెద్దచెయ్యి ఎవ్వడు లేడు, లచ్చన్నా," అన్నాడు రితేశ్. "మనమే. మనం కొన్నమని గీత లేచింది. గీత లేచిందని మనం కొన్నం. గింతే."

"మరి మనకు అమ్మిందెవడు?"

"కంపెనీ మొదట్ల కొనిపెట్టుకున్నోడు ఎవడో. మెల్లగ మనకే అమ్ముకుంట పోయిండు. పోయిన వారం మిగిలినయి ఒక్కపారి పారేసిండు."

లచ్చయ్య వాడిని కొడతాడేమోనని కోమల్ లేచి నిలబడింది. అతను కొట్టలేదు. "నేను టాక్సీ కొత్త ఇంజన్‌కని దాసిన పైసలు," అని మాత్రం అన్నాడు. అది కూడా రితేశ్‌తో కాదు, తనలో తాను అనుకున్నట్టుగా. మళ్లీ బయటికి పోయి కూర్చున్నాడు.

రితేశ్ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. మోసం చేసి ఉంటే బాగుండేదని వాడికి అనిపించింది. మోసగాడికి తను చేసేదేమిటో తెలుస్తుంది. తను మాత్రం తన చాళీ కాళ్ల చప్పుడే విని, ఎవరో గొప్పవాళ్లు వస్తున్నారని అందరినీ ఎదురు పంపాడు.

"నేను ఒక్కమాట అడగాల్నా?"

మూలన ఇనుప మంచం మీదినుంచి ఆ మాట అన్నది బాలనర్సయ్య.

"అడుగు నాయినా."

"మనోళ్లు కొన్నందుకే పెరిగిందంటవు."

"ఔ."

"ఇప్పుడు కొనేటోడు లేడు గనకనే తాళమంటవు."

"ఔ."

"ఎవడన్న కొననీకె నిలబడితే తాళం తీస్తదా?"

"తీస్తది. ఎవడు నిలబడ్తడు నాయినా? తెలిసి తెలిసి ఎవడొస్తడు?"

బాలనర్సయ్య కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. "వర్లి మామోళ్లు కొన్నరా?"

వర్లి మామ అంటే తారాబాయి తమ్ముడు సైదులు.

"లేదు," అన్నాడు రితేశ్. "పదిహేడు ఇండ్లోళ్లకు ఖాతాలు తెరిచి ఇచ్చిన. నువ్వు చెప్పినంక కొంటమన్నడు మామ. బిల్డర్ పైసలు రానీ అన్నడు."

"వచ్చినయంట మొన్ననే," అంది తారాబాయి పొయ్యి దగ్గరినుంచి. "ఆ బిల్డింగ్ కూలగొట్టి కొత్తది కట్టేదాంక బయట కిరాయికుండనీకె, పదకొండు నెల్లయి ఒక్కపారే ఇచ్చిండంట. వచ్చే నెల ఒకటికి ఖాళీ జేయాలంట."

"మంచిగైంది. వాళ్లన్న దీంట్ల ఇరుక్కోలేదు," అన్నాడు రితేశ్.

బాలనర్సయ్య కళ్లద్దాలు పెట్టుకున్నాడు. మేకుకు తగిలించిన తెల్ల టోపీ తీసి తలకు పెట్టుకున్నాడు. చెప్పులు వేసుకున్నాడు.

"యాడికి మామా?" అంది కోమల్.

"ఛాయ్ తాగొస్త."

పొయ్యి మీద ఛాయ్ మరుగుతూనే ఉంది. అది ఎవరికీ గుర్తు రాలేదు.

*

పదకొండు దాటి పది నిమిషాలకు తాళం ఊడింది.

మొదట కోమల్ చూసింది. కొనేవాళ్ల గడిలో సున్న పోయి నాలుగు వేలు పడింది. ఆమె "రితేశ్," అనేలోపే ఆ నాలుగు వేలూ మాయమై తొమ్మిది వేలు వచ్చాయి. అవీ మాయమయ్యాయి. చేతులు మారిన షేర్ల సంఖ్య నిమిషానికొకసారి గంతులు వేస్తోంది. ఇరవై వేలు. ముప్పై ఐదు వేలు.

చంద్రమ్మ ఫోన్ రితేశ్ ఒళ్లో కుయ్యిమంది. వాడు తెరిచి చూశాడు. మళ్లీ చూశాడు.

"పోయినయి పెద్దమ్మా," అన్నాడు. "పదివేలూ అమ్ముడువోయినయి. ఎల్లుండి పొద్దుగాలకల్ల పైసలు బ్యాంకులుంటయి."

చంద్రమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత కుర్చీలోంచి లేవబోయి లేవలేక, ఉన్నచోటినుంచే చేయి చాపి రితేశ్ మణికట్టు పట్టుకుంది. ఏడవలేదు. పట్టుకుని అలాగే కూర్చుంది.

"నిన్ను మస్తు తిట్టుకున్న బిడ్డా," అంది కాసేపటికి. "మనసులనే. బయటికి అనలేదు."

"అనాల్సి ఉండె పెద్దమ్మా."

గ్యాలరీలోంచి లచ్చయ్య కేక వినిపించింది. అతనివీ పోయాయి. కింది అంతస్తులో ఎవరో పరుగెత్తుతున్నారు. గ్రూపులో ఒకటి తర్వాత ఒకటి, "పోయినయి," "నావి కూడా," "దేవుడున్నాడు." పదకొండున్నర దాటేసరికి వరుస మొత్తం ఖాళీ అయింది. అన్నిటికంటే చివర రితేశ్ తమ ఇంటివి ఎనిమిది వేలు పెట్టాడు. అవీ పోయాయి. ధర ఇరవై తొంభై దగ్గర ఆగకుండా ఇరవై ఒకటి ముప్పైకి లేచింది.

తారాబాయి గిన్నెలో మరిగి మరిగి నల్లబడిన ఛాయ్ పారబోసి మళ్లీ కొత్తగా పెట్టింది. లచ్చయ్యను లోపలికి పిలిచింది. అతను తల దించుకుని వచ్చి నేలమీద కూర్చున్నాడు. పొద్దున అన్న మాటలకు సిగ్గుపడుతున్నాడని అందరికీ తెలుస్తూనే ఉంది.

"ఈ గీత సూడు," అన్నాడు రితేశ్ కోమల్‌తో. వాడి గొంతులో పాత బలం కొంచెం వచ్చింది. "ఐదు నిమిషాల చార్టు మీద సూడు, ఎట్ల తిరిగిందో. లక్షా డెబ్బై వేలు. ఇది మనోళ్లది గాదు. మనోళ్లంత అమ్మినోళ్లే. ఇప్పుడొచ్చింది, ఖరే, అసలు పెద్దచెయ్యి."

"ఎవరు?"

"ఎవరైతేంది?"

"పొద్దుగాల గూడ గిట్లనే అన్నవు."

"కోమల్, బయటపడ్డం గద. జర ఊపిరి తీసుకోనియ్యి," అంది తారాబాయి. కోడలితో ఆమె అలా కసురుకోవడం అరుదు.

కోమల్ ఫోన్ కింద పెట్టలేదు. తాళం పడి నాలుగు రోజులైన షేరును, పత్రికల్లో మంచి వార్త ఒక్కటీ లేని షేరును, ఇంత హడావిడిగా కొనే పెద్దమనిషి ఎవరో ఆమెకు అంతుపట్టలేదు. కొనుగోళ్లన్నీ రెండు వేలు, నాలుగు వేలు, తొమ్మిది వేలు. అన్నీ గుండ్రటి అంకెలు. ఇలాంటి గుండ్రటి అంకెలు ఆమె ఈ పొద్దుటే గ్రూపులో పసుపు పువ్వుల పక్కన చదివింది.

*

బాలనర్సయ్య పన్నెండున్నరకు వచ్చాడు. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుంది. తారాబాయి ఇచ్చిన చెంబెడు నీళ్లు నిలబడే తాగాడు.

"తీసిందా?" అన్నాడు.

"తీసింది నాయినా. చంద్రమ్మ పెద్దమ్మయి ముందుగాల పోయినయి. చాళీ మొత్తం బయటపడ్డది."

ఆయన ముఖం విచ్చుకుంది. ఈ వారంలో ఆ ఇంట్లో అంత తృప్తిగా కనబడ్డ ముఖం అదొక్కటే.

"నాకెరుకే. నిలబెడితే వస్తరు."

"ఎవరిని నిలబెడితే?" అంది కోమల్.

"సైదులును. వాళ్ల బిల్డింగోళ్లను, పదిహేడు ఇండ్లు. ఫోన్ల చెప్తే అయ్యే ముచ్చట గాదని టాక్సీ జేసుకొని పోయిన." టోపీ తీసి మేకుకు తగిలిస్తూ చెప్పాడు. "నాకా మీద ఒక్కడు నిలబడితే సేటు బండి ఆపడు. పదిమంది నిలబడితే ఆపుతడు. ఒక బండి ఆగినంక ఎన్కొచ్చే బండి గూడ ఆగుతది. నలభై ఏండ్లు నేను జేసింది గదే. ముందుగాల మనోళ్లను నిలబెట్టిన. ఇంక పెద్దోళ్లు సూస్తరు, వస్తరు. రేపటికి ముప్పై అయితది. మనోళ్లకు నష్టం లేదు, వాళ్లకు నష్టం లేదు."

రితేశ్ ఫోన్‌లోని గీతను మళ్లీ చూశాడు.

తారాబాయి చేతిలోని చెంబు కింద పెట్టింది. "నా తమ్మునితోటి కొనిపిచ్చినవా?"

"కొనిపిచ్చిన. ఏమైంది?"

"ఏ పైసలతోటి?"

"ఉన్న పైసలతోటి."

"కిరాయి పైసలతోటా?"

ఆయన భార్య వైపు చూశాడు, కొడుకు వైపు చూశాడు. తను చెప్పింది ఎందుకు ఎవరికీ నచ్చలేదో ఆయనకు నిజంగానే తెలియలేదు. తెలియనందుకే ఆయన్ని ఏమీ అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

"నాయినా," అన్నాడు రితేశ్. "మామోళ్లు కొన్నది యాడికెల్లి వచ్చిందనుకున్నవు?"

"బజారుకెల్లి."

"బజారుల అమ్మేటోళ్లు ఎవరు? మనమే. మన నలభై ఆరు ఇండ్లు. మనం అమ్మినం, వాళ్లు కొన్నరు. మనమీదున్న బరువు తీసి మామ నెత్తిన పెట్టినం. ఇంక ఎన్కనుంచి వచ్చే బండి ఏదీ లేదు నాయినా. రేపు మళ్ల తాళం పడితే..."

పడితే ఏమవుతుందో వాడు చెప్పలేదు. ఆ గదిలో ఉన్నవాళ్లకు చెప్పనవసరం లేదు. నాలుగు రోజులుగా వాళ్లు పడ్డది అదే.

బాలనర్సయ్య మంచం మీద కూర్చున్నాడు. కూర్చున్నాక ఆయన చేతులు రెండూ మోకాళ్ల మీద ఊరికే పడి ఉన్నాయి. నలభై ఏళ్లలో ఆయన నిలబెట్టిన మనిషికి కూలి అందని రోజు లేదు. ఎవడైనా ఎగ్గొడితే తన జేబులోంచి ఇచ్చాడు. ఆ పేరు మీదే వర్లిలో పదిహేడు ఇళ్లవాళ్లు ఆయన నోటి నుంచి మాట వచ్చిన పది నిమిషాల్లో ఫోన్లు తీశారు.

"వాళ్లు ఏమడుగలేదా నిన్ను?" అంది తారాబాయి.

"ఏమడుగుతరు? నేనే పోతి గద."

చంద్రమ్మ కుర్చీలో కదిలింది. ఇంతసేపూ ఆమె అక్కడే ఉందన్న సంగతి అందరూ మరిచారు.

"నావి వాపస్ ఇయ్యరాదా రితేశ్?" అంది. "ఆపరేషన్ ఇంకోనాడు జేసుకుంట. ఇన్ని దినాలు ఓర్సుకున్న, ఇంకిన్ని దినాలు ఓర్సుకుంట. సైదులుకు ముగ్గురు పిల్లలు."

"అట్ల ఇయ్యనీకె రాదు పెద్దమ్మా. నువ్వు వాళ్లయి కొనాలె. కొంటే నువ్వు మళ్ల లోపలికి పోతవు."

"పోతే పోయిన."

"ఊకో అక్కా," అంది తారాబాయి. గొంతు కఠినంగానే ఉంది, కళ్లు మాత్రం నిండాయి. చంద్రక్కవే ముందు అని పొద్దున గుమ్మానికి అడ్డం నిలబడింది తనే. ఆ వరుసకు అవతలి చివర తన తమ్ముడు ఉన్నాడు. తెలిసి ఉంటే ఏం చేసేదో ఆమెకే తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి ఆమెకు భయం వేసింది.

లచ్చయ్య ఛాయ్ కప్పు కింద పెట్టి లేచాడు. "నేను పోత వదినా," అన్నాడు. గుమ్మం దాకా పోయి ఆగాడు. "మనం అమ్మినమని వాళ్లకు చెప్పకుంటే ఏమైతది? మంచిదైతే పెరుగుతది. లేకుంటే బజారు పడ్డదనుకుంటరు."

అతను చెడ్డవాడు కాదు. పైసలు దక్కాయన్న గంటకు ఎవరైనా అనే మాటే అది. అందుకే ఎవరూ అతన్ని కసరలేదు. ఆ మాట మీద గదిలో అందరూ ఒక్క క్షణం ఎక్కువగానే నిశ్శబ్దంగా ఉండిపోయారు. ఆ ఒక్క క్షణానికి రితేశ్ తర్వాత చాలాకాలం సిగ్గుపడ్డాడు.

ఫోన్ మోగింది. బాలనర్సయ్య జేబులోది. ఆయన తీసి చూసి, ఎత్తకుండా కొడుకు ముందుకు చాచాడు.

"నువ్వు చెప్పు," అన్నాడు. "నాకు చాతగాదు."

రితేశ్ ఫోన్ తీసుకున్నాడు. కోమల్ వచ్చి పక్కన నిలబడి స్పీకర్ మీట నొక్కింది. వాడు వద్దనలేదు.

"బావా," అన్నాడు సైదులు అవతలినుంచి. వెనక చాలామంది మాటలు వినిపిస్తున్నాయి. "అందరం కొన్నం. పదిహేడు ఇండ్లు, ఒక్కరు మిగల్లేదు. నువ్వు అటు పోంగనే ఇరవై ఒకటి దాటింది. ఇంక మేమేం జేయాలె చెప్పు."

"మామా, నేను రితేశ్‌ను."

"ఆఁ అల్లుడా. నువ్వే మంచిగైంది. నాయిన సగం సగం చెప్పిండు. ఎప్పుడు అమ్మాలె? ఒకటో తారీఖుకు ముందల కిరాయి ఇండ్ల డిపాజిట్లు కట్టాలె. గంతదాంక ఆగొచ్చా?"

రితేశ్ తల్లి వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

"మామా, ఒక్క ముచ్చట ఇను. మీరు కొన్నయి బయటోళ్లయి గాదు. మావే. మా చాళీల అందరం అమ్మేసినం. లచ్చన్నయి, చంద్రమ్మ పెద్దమ్మయి, మా ఇంటియి గూడ. మేం వదిలించుకున్నయే మీరు కొన్నరు."

అవతల వెనక మాట్లాడుతున్నవాళ్లు ఆగారు. రితేశ్ తిట్టు కోసం ఎదురుచూశాడు. తిడితే బాగుండునని అనుకున్నాడు.

"మీయేనా?" అన్నాడు సైదులు. గొంతులో కోపం లేదు. పెద్ద భారం దిగినట్టుగా ఉంది. "గంత సేపటినుంచి ఎవనియో ఏమోనని మావోళ్లు బుగులు పడ్తున్నరు అల్లుడా. ఈ ముచ్చట బావ ముందే చెప్తే అయిపోతుండె."

"మామా, అది కాదు, నేను చెప్పేది..."

కానీ సైదులు ఫోన్ చెవినుంచి తీసేశాడు. వెనక్కి తిరిగి తన బిల్డింగువాళ్లతో చెబుతున్న మాట ఇక్కడి గదిలో అందరికీ వినిపించింది.

"భయపడకుండ్రి. మనోళ్లయేనంట."